పైన ఫ్యామిలీ, కింద బార్

మా అమ్మాయి డిగ్రీ పాసైంది. ఆదివారం సాయంత్రం అందరం బయట భోంచేద్దామనే దాకా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఎక్కడ అనే దగ్గర తేడా వచ్చింది. తమ్ముడు కృష్ణానగర్‌లో తనకు అలవాటైన బార్ అండ్ రెస్టారెంట్ పేరు చెప్పాడు. మా ఆవిడ "బారా?" అని ఊరుకుంది. ఆవిడ ఊరుకుందంటే మొదలైందన్నమాట.

ఇద్దరిదీ సినిమా బతుకే. వాడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో సెట్ అసిస్టెంటు, ఆవిడ కాస్ట్యూమ్స్. మా అన్నదమ్ములది సిద్దిపేట వైపు పల్లె. ఆవిడది నెల్లూరు జిల్లా కలిగిరి పక్క. ఇన్నేళ్ల హైదరాబాదు కాపురం ఎవరి యాసనూ మార్చలేదు. నేను మాటల రచయితల దగ్గర ఫెయిర్ కాపీలు రాసి బతికేవాణ్ని గనక ఇద్దరి మాటలూ దిద్దకుండా పెడుతున్నాను. నన్నెవరూ అభిప్రాయం అడగలేదు.

ఈ చోటు ఎరగనివాళ్లకు ఒక మాట. ఫిల్మ్‌నగర్ కొండ మీద ఫిలిం చాంబర్, దైవసన్నిధానం, రామానాయుడు స్టూడియో, నిర్మాతల ఇళ్లు. ఆ కొండ వాలులోనే మేముండే బస్తీ. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి యూసుఫ్‌గూడ వైపు దిగితే కృష్ణానగర్. తెల్లవారుజామున జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు ప్రొడక్షన్ బండ్ల కోసం నిలబడేది అక్కడే. జూబ్లీహిల్స్‌కు కూతవేటు దూరమైనా అదొక చిన్న టౌను. దాని బార్లూ టౌను బార్లే: రోడ్డు మీద బోర్డు, కింద హాలు, పక్క సందులోంచి మెట్లు, మెట్ల మొదట్లో 'ఏసీ ఫ్యామిలీ సెక్షన్' అని బాణం గుర్తు.

తమ్ముడు: ఆడ అపోలో ఫిష్ తిన్నవా వదినా ఎప్పుడన్న? అన్న పార్సిల్ తెస్తడు చూడు, అది కాదు. పార్సిల్ డబ్బాల ఆవిరికి మెత్తబడ్తది. ప్లేట్ల తినాలె. ముల్లు తీసిన కొర్రమీను ముక్కలు నూనెల నుంచి దేవి, అట్లనే పెరుగు, పచ్చిమిర్చి, కరివేపాకు ఉన్న కడాయిల ఏస్తడు. రెండు తిప్పులు తిప్పి దించుతడు. కిచెన్ల నుంచి టేబుల్ మీదికి రెండు నిమిషాలు. ఎందుకంటే తాగెటోడు ఆగడు. హోటల్ల అన్నం తినెటోడు పావుగంట ఆగుతడు గానీ, బార్ల కూసున్నోడు చల్లారిన ప్లేట్ వస్తే లొల్లి చేస్తడు. గందుకే ఆ వంటోని చెయ్యి అంత మంచిగుంటది.

ఆవిడ: ఉప్పూ కారం అంత దట్టంగా ఎందుకు వేస్తాడో అది కూడా చెప్పబ్బయా. మనం తిని మెచ్చుకోవాలని కాదు, పక్క టేబుల్ వాడికి నోరు మండి ఇంకో పెగ్గు చెప్పాలని. పల్లీ మసాలా అయినా, ఎగ్ బుర్జీ అయినా, చికెన్ సిక్స్‌టీఫైవ్ అయినా అంతే. మంచింగ్ అంటే మందు అమ్మడానికి చేసే వంట. దాన్ని మన పిల్లకి భోజనంగా పెడతావా?

తమ్ముడు: బిర్యానీ పెడ్త. ఇంకో ముచ్చట విను. మన జేబుకు అందే ఏ మెస్సుకన్న పో, చెయ్యి కడుక్కోకముందే లెవ్వమంటడు. ఎనకాల ఒకడు నిలబడి మన కంచం దిక్కే చూస్తుంటడు. ఆడ రెండు గంటలు కూసున్నా ఎవ్వడు ఏమనడు. నలుగురం నవ్వుకుంట తినే జాగ మనసొంటోళ్లకు ఇంకేడున్నది?

(ఇది నిజమే. తాగేవాడు ఎంతసేపు కూర్చుంటే అంత బిల్లు గనక బార్ కుర్చీకి తొందర లేదు. ఆ తొందర లేనితనం తాగనివాడికి కూడా ఉచితంగా దొరుకుతుంది. నేను ఎన్నో సీన్లు అలాగే రాసుకున్నాను, ఒక్క సోడా, ఒక ప్లేటు పల్లీలతో.)

ఆవిడ: కూర్చోనిస్తాడు, కాదనను. ఎక్కడ కూర్చోబెడతాడో చెప్పు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకామె కూతురి ఫంక్షన్ అయినాక ఇట్లాంటి చోటికే పోయినాం. పక్క సందు, జనరేటర్ పొగ, ఇరుకు మెట్లు. పైన ప్లైవుడ్ కొట్టిన గదులు, ఒక్కోదానికి పరదా. మేం కూర్చోగానే వెయిటర్ ఆ పరదా లాగేసి పోయినాడు. మొగోళ్లకి బ్రాందీ కూల్‌డ్రింక్ గ్లాసుల్లో వచ్చింది. ఎవరి దగ్గర దాపరికమో నాకు ఇప్పటికీ తెలీదు, మా ముందరే కదా తాగేది! బాత్రూం యాడుండాది అంటే కింద అన్నాడు. హాల్లోంచి పోతుంటే ఒక్కో టేబులూ మాట ఆపేసింది. తిరిగొచ్చేటప్పుడూ ఆపింది. ఆ నిశ్శబ్దంలో నడిచి చూడు, తర్వాత నీ కొర్రమీను రుచి గురించి మాట్లాడదాం.

తమ్ముడు: గందుకే కదా ఫ్యామిలీ సెక్షన్ పెట్టేది. ఎవ్వని కంట వడకుండ తిని వచ్చేస్తం.

ఆవిడ: కంట పడితే ఏమి? దొంగతనం చేస్తుండామా? చేపముక్క తింటుండాం.

తమ్ముడు: నువ్వు బార్ అనంగనే మొఖం మాడ్చినవ్. అదే రోడ్ నంబర్ 36ల పబ్బుకు పోదామంటే ఇట్ల చేస్తుంటివా? పబ్బని ఎక్సైజోళ్ల కాయితాలల్ల వేరే లైసెన్స్ లేదు వదినా. అదీ 2బీనే, కృష్ణానగర్ బారూ 2బీనే. కొండ మీద క్లబ్బులు చూడు. ఆదివారం మొత్తం ఫ్యామిలీలే. పిల్లగాండ్లు ఈత కొట్టొస్తరు, అమ్మలు సూప్ తాగుతరు, నాయనలు పక్కనే విస్కీ తాగుతరు. దాన్ని ఎవడన్న బార్ అంటడా? పైసలున్నోడు కూసుంటే కల్చర్, మనం కూసుంటే కక్కుర్తి.

ఆవిడ: కొండ మీద అంతా బాగుండాదని నేనన్నానా? ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్లే చప్పుడు భరించలేక హైకోర్టుకి పోయినారు. 2022 సెప్టెంబర్‌లో, రాత్రి పది దాటితే పబ్బుల్లో మ్యూజిక్ వద్దని కోర్టు చెప్పాల్సొచ్చింది. అదే ఏడు మే నెల గుర్తుండాదా? పగటిపూట పార్టీ, మందు ఉండదు అని చెప్తేనే కదా పిల్లలు పబ్బుకి పోయినారు. వాళ్లలో ఒక పిల్లకి ఘోరం జరిగింది పబ్బు లోపల కాదు, బయటికొచ్చి కారెక్కినాక. నా భయం గ్లాసు గురించి కాదబ్బయా. తలుపు దాటినాక ఏముంటాదో దాని గురించి.

దానికి వాడు జవాబు చెప్పలేదు. ఆ ఏడాది మా బస్తీలో ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ ఎవరి దగ్గరా జవాబు లేదు. కాసేపాగి బండి సంగతి ఎత్తుకున్నాడు. తానే బండి నడుపుతానన్నాడు. ఒక్క బీరే తాగుతానన్నాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసేనని, ఆదివారం రాత్రి చెక్‌పోస్టు దగ్గర ఊదకుండా ఇల్లు చేరడం కష్టమని ఆవిడ గుర్తు చేసింది. ఆటోలో పోదామని తేలింది. ఇద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి అదే.

ఆవిడ: నాకు ఈ పడకపోవడం ఇక్కడికొచ్చి నేర్చుకుంది కాదు. 1992లో నేను అయిదో తరగతి. మా పక్కనే దూబగుంట. వర్ధినేని రోశమ్మ, ఆమెతోపాటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించినారు. రాత్రి బళ్లో అక్షరాలు దిద్దుతుండిన వాళ్లే చీపుర్లూ కారంపొడీ పట్టుకొని సారా బండ్లకి అడ్డం నిలబడినారు. మా అమ్మా పోయింది. నీతి చెప్పడానికి కాదు పోయింది. మా నాయన కూలి డబ్బులు ఇంటికి రాకముందే కొట్లో జమ పడిపోయేవి, అదీ ఆమె మంట. అట్లా ఊరూరా లేస్తే సారా వేలంపాటలు ఆగిపోయినాయి. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో సారా ఆపేసినారు, అక్టోబర్‌లో రాష్ట్రమంతా. మన సినిమావాళ్లలోంచి పోయిన రామారావు గారే 1994 డిసెంబర్‌లో ఎల్‌బీ స్టేడియంలో ప్రమాణం చేసి, అక్కడికక్కడే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టినారు.

తమ్ముడు: 1995 జనవరి 16న పెట్టిండ్రు, 1997ల ఎత్తేసిండ్రు. గంతే. ఇప్పుడు సర్కారు సంసారం నడిచేదే దాని మీద. మన దగ్గర 2,620 వైన్ షాపులు. 2023ల దరఖాస్తు పెట్టనీకే 2 లక్షలు, డ్రాల పేరు రాకుంటే వాపస్ రావు. అయినా లక్షా ముప్పై వేలు దాటినయి దరఖాస్తులు. మందు ఎట్లా పోదు వదినా. పోనిదాన్ని జర సక్కగ చేసుకునుడు ఎట్లనో చూడాలె. వైన్స్ పక్కన పర్మిట్ రూముల నిలబడి, అరగంటల క్వార్టర్ ఎత్తి, ఇంటికి పోయి కొట్టెటోడు ఒకడు. పెండ్లాం పిల్లలతోని కూసోని, తినుకుంట రెండు పెగ్గులకే లేసెటోడు ఒకడు. నీకు ఎవడు కావాలె? ఫ్యామిలీ పక్కన ఉంటే మొగోడు అదుపుల ఉంటడు. నా వాదన గదే.

ఆవిడ: అంటే మేమొచ్చి మీకు కాపలా కూర్చోవాల. జీతం ఒక ప్లేటు అపోలో ఫిష్.

(నవ్వాను. నవ్వినందుకు ఇద్దరూ నా వైపు కోపంగా చూశారు. మాటల రచయిత అయితే ఆ డైలాగు దగ్గర సీన్ కట్ చేస్తాడు. ఇంట్లో కట్ చేసేవాడు ఉండడు.)

తమ్ముడు: మా దిక్కు గీ పంచాదే లేకుండె. అన్నను అడుగు. మా అవ్వకు బోనాలంటే కల్లు ఉండాల్సిందే. ఈతవనంల చెట్టు కింద కూసుంటే ఆడోళ్లు, మొగోళ్లు, ముసలోళ్లు, అందరు ఒక్క దగ్గర్నే. మేం చిన్నపిల్లగాండ్లం పక్కన కూసోని గుడాలు బుక్కేది. పొద్దుగూకంగనే అందరు ఇంటికి. పట్నంల కల్లు కాంపౌండ్లు 2004ల మూస్తే 2014 దసరాకు మళ్ల తెరిచిండ్రు. ఆడికి ఇయ్యాల్టికీ ఆడోళ్లు పోతరు, ఎవ్వరు గుడ్లప్పగించి చూడరు. నెక్లెస్ రోడ్డు మీద 2023ల సర్కారే నీరా కేఫ్ పెట్టింది, అంత ఫ్యామిలీలే.

ఆవిడ: నీరాలో మత్తుండదు, పులవకముందు దించేది. దాన్ని దీంట్లో కలపబాక. కాంపౌండ్ సంగతంటావా, 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ఎంతమంది ఆస్పత్రి పాలైనారో, ఎన్ని ప్రాణాలు పోయినాయో నువ్వే కదా పేపర్ చదివి చెప్పినావు. మీ అవ్వకి చెట్టు తెలుసు, చెట్టెక్కినవాడు తెలుసు. అది సరే, నేనడిగేది వేరే. మీ అవ్వ కల్లు తాగినప్పుడు ఆమెని పక్క సందులోంచి మెట్లెక్కించి, పరదా వేసినారా?

తమ్ముడు: అవ్వకు పరదానా! చెట్టు కింద మొదటి జాగ ఆమెదే.

ఆవిడ: మరి? ఆడ లేని పరదా ఈడ ఎందుకొచ్చింది?

అవ్వ మాట వచ్చింది గనక నేనూ ఒకటి చెప్పాలి. ఆమె ఆకు డొప్ప పట్టుకుని కూర్చుంటే చుట్టూ ఉన్న మగవాళ్లే నోరు జాగ్రత్తగా పెట్టుకునేవాళ్లు. తమ్ముడు చెప్పే 'అదుపు' అదే. కాకపోతే అవ్వ నలుగురి నడుమ కూర్చుంది గనక ఆ అదుపు వచ్చింది. పై అంతస్తులో పరదా వెనక ఉన్న ఆడమనిషిని చూసి కింద హాల్లో ఎవడూ అదుపులో ఉండడు. ఈ సంగతి పైకి అనలేదు, రాసుకున్నాను.

ఆవిడ: నీ పనిలోకే వస్తా. ఇప్పటిదాకా ఎన్ని బార్ సెట్లు వేసుంటావు?

తమ్ముడు: మస్తు. లెక్కేడున్నది! నీలం లైటు, ఎర్ర లైటు, పొగ మిషన్. ఎనక ర్యాక్‌ల ఖాళీ సీసాలు, కొన్నిట్ల డికాక్షన్ నీళ్లు. గ్లాసులల్ల థమ్సప్ పోసి నీళ్లు కలుపుతం. నురగ కావాలంటే ఇంకో తరీక ఉన్నది...

ఆవిడ: ఆ సెట్లో పిల్లలతో కూర్చొని తినే టేబుల్ ఎప్పుడైనా పెట్టినావా?

తమ్ముడు: డైరెక్టర్ అడిగితే గద పెట్టేది.

ఆవిడ: నన్నూ అడగలేదు. బార్ సీనంటే నా లిస్టులో ఆడవాళ్లకి రెండే రకాలు. డాన్సర్లకి మెరుపులది ఒకటి. మొగుణ్ని వెతుక్కుంటా వచ్చి ఏడ్చే పెళ్లానికి నలిగిన కాటన్ చీర ఒకటి. ఆ చీర నలిగినట్టు కనపడాలని నేనే టీ నీళ్లల్లో ముంచి పిండి ఆరేస్తా. తినడానికొచ్చిన మామూలు ఆడమనిషికి ఏం కట్టాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మనం చూపించిందే కదా ఆ హాల్లో కూర్చున్నవాళ్ల కళ్లల్లో ఉండేది. నేను అట్లా నడిచిపోతే వాళ్లకి ఆ రెంటిలో ఏదో ఒకటిగా కనపడాల్సిందే.

(మా ఇండస్ట్రీలో చెప్పుకునే మాట: 1953 'దేవదాసు'కి అక్కినేని నాగేశ్వరరావు గారు పెరుగన్నం తిని రాత్రిళ్లు షూటింగ్ చేసేవారట, ఆ నిద్రమత్తు కళ్లే తెర మీద తాగుడు కళ్లయ్యాయట. అప్పటినుంచి తాగేవాడి మీద జాలి పుట్టించడంలో మాకు సాటి లేదు. పెరుగన్నం కథ అందరికీ తెలుసు. తెర మీద బార్ టేబుల్ మీద కడుపునిండా అన్నం తిన్న మనిషిని మాత్రం నేను రాసింది లేదు, చూసిన గుర్తూ లేదు.)

తమ్ముడు: అయితే వద్దంటవ్. సరే, ఆ పక్కన టిఫిన్ సెంటర్ల దోశలు తిందాం. పిల్ల డిగ్రీకి దోశ.

ఆవిడ: వద్దనలేదు. పోదాం.

తమ్ముడు: ఏడికి?

ఆవిడ: నువ్వు చెప్పిన బార్‌కే. పైన కాదు, కింద హాల్లో. తలుపు ఎదురుగా ఉండే టేబుల్. ట్యూబ్‌లైట్ వెలగాల. ఆరున్నరకి పోయి ఎనిమిదిన్నరకి లేస్తాం. పిల్లకి ఇంకా ఇరవయ్యే, ఇరవై ఒకటి నిండందే మందు అమ్మకూడదని వాళ్లకే రూలు, కాబట్టి దాని ముందర ఆ మెనూ పేజీ తెరవబాకండి. నువ్వు తాగుతావో మానతావో నీ ఇష్టం. తాగితే మామూలు గ్లాసులో తాగు.

తమ్ముడు: కిందనా? కింద కష్టం వదినా.

ఆవిడ: ఏం కష్టం?

తమ్ముడు: అందరు తాగుతుంటరు.

ఆవిడ: బార్‌లో తాగక?

తమ్ముడు: మాటలు మంచిగుండయి. మనోళ్లు ఉంటరు, యూనిట్ల మేస్త్రీలు, కార్పెంటర్లు. వాళ్లు చూస్తే ఏమనుకుంటరు?

ఆవిడ: మంచిదే కదా, తెలిసినవాళ్లుంటే. ఇప్పుడు బయటపడినావు చూడు. నీకు చేపముక్క చల్లారకూడదు, మేం కనపడకూడదు. అంతసేపు కొండ మీదోళ్ల గురించి, కల్చర్ గురించి వాదించినావే, వాళ్లు ఆడవాళ్లని మేడెక్కించి పరదా వేస్తుండారా?

తమ్ముడు: అది కాదు. ఎవడన్న తాగి ఒక్క మాట జారిండనుకో, నేను ఊకుంటనా? గల్లా పట్టాల్సొస్తది. పిల్ల పాసైన రోజు పోలీస్ స్టేషన్‌ల కూసుందామా?

ఇది సిగ్గుతో అన్న మాట కాదు. నిజంగా భయపడి అన్నాడు. ఆ బార్‌లో వాడు ఏళ్లుగా కూర్చున్నాడు, ఏ గంటకు ఏ టేబుల్ ఎలా మాట్లాడుతుందో వాడికి తెలిసినట్టు మాకు తెలియదు. వాడి వాదనలో నాకు గట్టిగా తోచింది ఇదొక్కటే. మా ఆవిడకూ అలాగే తోచిందేమో, గొంతు తగ్గించింది.

ఆవిడ: మాట జారేవాణ్ని ఎవరు చూసుకోవాల? నువ్వా, ఆ బార్ వాడా? లైసెన్స్ డబ్బులు కట్టినవాడు, బిల్లు తీసుకునేవాడు కదా. వాగేవాణ్ని బయటికి పంపించక, తినేవాళ్లని పైకి పంపిస్తుండాడు. అందుకు నువ్వు వాడి తరఫున నాకు నచ్చజెప్తుండావు. ఫోన్ చెయ్యి. మేనేజర్‌నే అడుగుదాం.

తమ్ముడు చేశాడు. స్పీకర్ పెట్టమంటే పెట్టలేదు గానీ, మేనేజర్ది పెద్ద గొంతు, అన్నీ వినిపించాయి. ఆదివారం నలుగురికి టేబుల్ అనగానే "ఫ్యామిలీనా అన్నా? పైన మంచి క్యాబిన్ ఇస్తా, ఏసీ దగ్గరిది," అన్నాడు. తమ్ముడు మా ఆవిడ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, కింద కావాలన్నాడు. అవతల కాసేపు ఏమీ లేదు. తర్వాత, కింద లేడీస్‌ని కూర్చోబెట్టబోమని, కస్టమర్లు ఇబ్బంది పడతారని చెప్పాడు.

"ఏం, మేం కస్టమర్లం కాదా?" అన్నాడు తమ్ముడు. "కూసోబెట్టొద్దని నీ లైసెన్స్‌ల రాసున్నదా? ఎవడన్న వాగితే వాన్ని లేపు, నన్నెందుకు మెట్లెక్కమంటవ్?"

ఓనర్‌ని అడిగి చెబుతానన్నాడు మేనేజర్. మా ఆవిడ చెయ్యి ఊపి ఇంకొకటి అడగమని సైగ చేసింది. వాడికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

"ఆఁ, ఇంకోటి. లేడీస్ బాత్రూం ఏ ఫ్లోర్‌ల ఉన్నది? ... కింద ఒక్కటే ఉన్నదా, అందరికీ? మరి ఇన్నొద్దులు పై ఫ్యామిలీలు ఏడికి పోతున్నరు నాయనా?"